హెచ్610 చాలా, బీ760 కావాలా: చిప్‌సెట్ పేరు కన్నా ముందు బోర్డు చూడు

తమ్ముడూ, నీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. ఐ5-12400ఎఫ్ ప్రాసెసర్, ఆర్‌టీఎక్స్ 4060 కార్డు, డీడీఆర్4 ర్యామ్ 16 జీబీ (రెండు 8లు), 1 టీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కొటేషన్ అడిగితే షాపతను హెచ్610 అనే చవక చిప్‌సెట్ ఉన్న మదర్‌బోర్డు చాలన్నాడు. హాస్టల్లో నీ ఫ్రెండ్ మాత్రం దానికన్నా పై చిప్‌సెట్ బీ760 లేకపోతే కార్డు సగం వేగంతోనే నడుస్తుందని భయపెట్టాడు. రెండు బోర్డులకీ తేడా 3,800 రూపాయలు. వాడకం చూస్తే పగలు ఆండ్రాయిడ్ స్టూడియో, రాత్రి వాలరెంట్, అప్పుడప్పుడు కాలేజీ షార్ట్ ఫిల్మ్‌ల ఎడిటింగ్. మూడు నాలుగేళ్లు మళ్లీ నాన్నని డబ్బులు అడగకుండా గడవాలి.

సమాధానం ముందే చెప్పేస్తాను. నీకు హెచ్610 సరిపోతుంది. కానీ ఆ కొటేషన్‌లో ర్యామ్ రాసిన తీరు తప్పు. ఇక నువ్వు ఫోటో పెట్టిన బీ760 బోర్డుకి మాత్రం 3,800 అదనంగా పెట్టొద్దు. ఎందుకో చెబుతాను, కాస్త ఓపిగ్గా చదువు.

మీ ఫ్రెండ్‌ని పూర్తిగా తప్పుపట్టలేను. ఆ మాటకి ఒకప్పుడు అర్థం ఉండేది. నేను ఈ పనిలోకి వచ్చింది పెంటియమ్ 4 రోజుల్లో. అప్పుడు ఇంటెల్ 845 బోర్డు, 865 బోర్డు అని పక్కపక్కనే అమ్మేవాళ్లం. 865లో ర్యామ్ డ్యూయల్ చానెల్‌లో, అంటే ఒకేసారి రెండు దారుల్లో నడిచేది, 845లో నడిచేది కాదు. రెండింటికీ తేడా కంటికి కనబడేది. ఎందుకంటే ర్యామ్‌ని నడిపించే కంట్రోలర్, గ్రాఫిక్స్ కార్డు స్లాట్, రెండూ అప్పట్లో చిప్‌సెట్ చేతిలోనే ఉండేవి. బోర్డు మధ్యలో హీట్‌సింక్ పెట్టుకుని కూర్చున్న నార్త్‌బ్రిడ్జ్ చిప్ అదే. 2003లో అథ్లాన్ 64తో ఏఎండీ, 2008లో మొదటి కోర్ ఐ7తో ఇంటెల్ ర్యామ్ కంట్రోలర్‌ని ప్రాసెసర్ లోపలికి తీసుకెళ్లాయి. ఆ తర్వాత గ్రాఫిక్స్ కార్డుకి డేటా వెళ్లే దారులు, అంటే లేన్లు కూడా ప్రాసెసర్‌లోకే వెళ్లిపోయాయి. ఇప్పుడు చిప్‌సెట్ అంటే యూఎస్‌బీ, సాటా, లాన్, మిగిలిన స్లాట్లు చూసుకునే చిప్ మాత్రమే. ఇంటి యజమాని పదవి పోయింది, వాచ్‌మన్ డ్యూటీ మిగిలింది.

కాబట్టి నీ 4060 నేరుగా 12400ఎఫ్‌తోనే మాట్లాడుతుంది. ఆ కార్డు వాడుకునేది ఎనిమిది పీసీఐఈ 4.0 లేన్లు (పీసీఐఈ అంటే కార్డులు, ఎస్‌ఎస్‌డీలు వాడే లింకు, 4.0 దాని తరం; 3.0 వేగం ఇందులో సగం). హెచ్610 బోర్డుల్లో పై పెద్ద స్లాట్ మామూలుగా 4.0 వేగంతోనే, పదహారు లేన్లతో వస్తుంది. అదే కార్డుని బీ760లో పెట్టినా ఇంతకన్నా వేగంగా పోదు. వాలరెంట్‌లో ఎఫ్‌పీఎస్ (సెకనుకి వచ్చే ఫ్రేములు) తేడా వస్తే అది ర్యామ్ సెట్టింగ్ వల్లో, ప్రాసెసర్ వేడెక్కడం వల్లో వస్తుంది తప్ప చిప్‌సెట్ పేరు వల్ల రాదు.

ఒక్కచోట మాత్రం ఆ భయంలో నిజం ఉంది. ఏఎండీ ఏఎం4 సాకెట్ (ప్రాసెసర్ కూర్చునే గూడు) ఉన్న బోర్డుల్లో ఏ520 చిప్‌సెట్‌తో గ్రాఫిక్స్ స్లాట్ పీసీఐఈ 3.0 దగ్గరే ఆగిపోతుంది, బీ550లో 4.0 దొరుకుతుంది. పదహారు లేన్ల కార్డుకి ఆ తేడా పెద్దగా తెలియదు. కానీ ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ లాంటి కార్డుకి ఉన్నవే నాలుగు లేన్లు. దాన్ని 3.0 స్లాట్‌లో పెడితే దారి సగమైపోతుంది, అందులోనూ ఆ కార్డు మెమరీ 4 జీబీయే, చాలా గేముల్లో దెబ్బ కనబడుతుంది. మీ ఫ్రెండ్ అలాంటి వీడియో ఏదో చూసి హెచ్610కి అంటగట్టి ఉంటాడు.

సరే, మరి హెచ్610లో ఇంటెల్ ఏం కోసేసింది? నీకు సంబంధించినవి చూద్దాం.

అన్నిటికన్నా ముఖ్యమైనది ర్యామ్ స్లాట్లు. హెచ్610లో చానెల్‌కి ఒక్క స్లాటే, అంటే మొత్తం రెండు. నీ కొటేషన్‌లో రెండు 8లు రాశాడు. ఆ రెండూ పెట్టగానే స్లాట్లు నిండిపోయాయి. ఆండ్రాయిడ్ స్టూడియో తెరిచి, ఎమ్యులేటర్ నడిపి, పక్కన క్రోమ్‌లో పాతిక ట్యాబ్‌లు పెట్టి చూడు, 16 జీబీ ఎంతసేపట్లో అయిపోతుందో. ఎడిటింగ్ కూడా చేస్తానంటున్నావు కాబట్టి ఏడాది తిరిగేసరికి నీకు 32 జీబీ కావాలనిపిస్తుంది. అప్పుడు ఆ రెండు 8లు ఊడదీసి, వచ్చినకాడికి అమ్మేసి, రెండు 16లు కొత్తగా కొనాలి. సెకండ్‌హ్యాండ్ ర్యామ్‌కి షాపులో ఎంతిస్తారో నేను చెబితే బాధపడతావు. అందుకే కొటేషన్ తప్పు అన్నాను. హెచ్610 తీసుకుంటే మొదటిరోజే రెండు 16లు పెట్టించు. బోర్డు మీద మిగిలే 3,800 దానికే పెట్టు. అసలు అంత డబ్బు ఇప్పుడు లేదంటావా, అప్పుడు ఒకే ఒక్క 16 కొని, నెల రెండు నెలల్లో అదే మోడల్ ఇంకోటి చేర్చు. ఆ రెండు నెలలూ సింగిల్ చానెల్‌లో గేమ్ కాస్త నీరసంగా ఉంటుంది. అయినా తర్వాత అమ్ముకునే బాధ తప్పుతుంది.

ర్యామ్ వేగం గురించి కూడా అడిగావు. హెచ్610లో ర్యామ్ ఓవర్‌క్లాక్ (నిర్ణీత వేగం దాటించడం) చేయనివ్వరు, డీడీఆర్4 అయితే 3200 దాటదు. బీ660, బీ760ల్లో ఆ తాళం లేదు. వినడానికి పెద్ద తేడాలా ఉంటుంది కానీ 12400ఎఫ్‌కి ఇంటెల్ అధికారికంగా చెప్పిన వేగమే 3200. పైగా ఇలాంటి లాక్డ్ (ఓవర్‌క్లాక్ కుదరని) ప్రాసెసర్లలో ర్యామ్ కంట్రోలర్‌కి వెళ్లే సిస్టమ్ ఏజెంట్ వోల్టేజ్ మార్చడానికి వీలుండదు. దానివల్ల 3600 కిట్ కొని బీ760లో పెట్టినా అన్నిసార్లూ స్థిరంగా నిలబడదు. చివరికి మళ్లీ 3200కే దించుకున్నవాళ్లని చాలామందిని చూశాను. 3200 సీఎల్16 (సీఎల్ అంటే ర్యామ్ స్పందించడానికి పట్టే ఆలస్యం) కిట్ తీసుకో, బయాస్‌లో (బోర్డు సొంత సెట్టింగుల తెరలో) ఎక్స్‌ఎంపీ, అంటే ర్యామ్‌ని దాని మీద రాసిన వేగానికి తెచ్చే సెట్టింగ్, ఆన్ చేయి, అంతే. ఆన్ చేయకపోతే కొన్ని కిట్లు 2133 లేదా 2400 దగ్గరే కూర్చుంటాయి. కొత్త పీసీ స్లోగా ఉందని నా దగ్గరికొచ్చిన వాటిలో చాలావాటికి చేసిన మరమ్మతు ఈ ఒక్క నొక్కుడే. డబ్బులు తీసుకోవడానికి కూడా మొహమాటమేసేది.

తర్వాతది ఎస్‌ఎస్‌డీ. నీ 12400ఎఫ్ లాంటి 12వ తరం ప్రాసెసర్ నుంచి ఎస్‌ఎస్‌డీ కోసం విడిగా నాలుగు పీసీఐఈ 4.0 లేన్లు వస్తాయి. హెచ్610లో ఇంటెల్ వాటిని మూసేసింది. ఎస్‌ఎస్‌డీ దిగే ఎం.2 స్లాట్‌కి దారి చిప్‌సెట్ మీదుగా, అదీ 3.0 వేగంతో. అంటే సెకనుకి 7,000 ఎంబీ చదివే ఎస్‌ఎస్‌డీ కొన్నా ఇందులో 3,500 దగ్గరే ఆగుతుంది. విండోస్ ఆన్ అవడంలో, గేమ్ లోడ్ అవడంలో ఈ తేడా నీకు తెలియదు. వంద జీబీ ఫుటేజ్‌ని ఒక ఎన్‌వీఎంఈ నుంచి ఇంకో ఎన్‌వీఎంఈకి కాపీ చేసేటప్పుడు తెలుస్తుంది. హెచ్610 తీసుకుంటే ఖరీదైన 4.0 ఎస్‌ఎస్‌డీ జోలికి పోవద్దు, మంచి 3.0ది చాలు. వేగం కన్నా సంఖ్య చూసుకో. కొన్ని హెచ్610 బోర్డుల్లో ఎం.2 స్లాట్ ఒక్కటే ఉంటుంది, కొన్నిటిలో రెండుంటాయి. రెండున్నదే తీసుకో.

మిగతావి చిన్నవి. ఫ్యాన్ పిన్నులు కొన్నిటిలో సీపీయూకి ఒకటి, క్యాబినెట్‌కి ఒకటి మాత్రమే ఉంటాయి. ముందు మూడు ఫ్యాన్లున్న క్యాబినెట్ కొంటే స్ప్లిటర్ కావాలి. ముందువైపు టైప్-సీకి కనెక్టర్ చాలావాటిలో ఉండదు. వైఫై కూడా ఉండదు. హాస్టల్లో లాన్ వైర్ లేకపోతే డాంగిల్ ఖర్చు లెక్కేసుకో. 2.5 గిగాబిట్ లాన్ కోసం మాత్రం ఎక్కువ డబ్బు పెట్టకు, హాస్టల్ నెట్ దానిలో పదోవంతు కూడా ఇవ్వదు.

ఇక చిప్‌సెట్‌కి సంబంధం లేకపోయినా చిప్‌సెట్ పేరుతో ముడిపడిపోయిన విషయం ఒకటుంది. వీఆర్‌ఎం. ఎస్‌ఎంపీఎస్ (పీసీ పవర్ సప్లై) నుంచి వచ్చే 12 వోల్టుల్ని ప్రాసెసర్‌కి కావలసిన ఒకటింపావు, ఒకటిన్నర వోల్టుల దాకా దించే భాగం ఇది. ప్రాసెసర్ సాకెట్‌కి ఎడమవైపు, పైన వరసగా చదరపు బిళ్లల్లా కనబడేవి దాని కాయిల్స్. పక్కనే చిన్నగా నల్లగా ఉండేవి మాస్‌ఫెట్లు. వేడెక్కేది అవే. ఏది ఎన్ని పెట్టాలి, వాటిమీద హీట్‌సింక్ వేయాలా వద్దా అన్నది చిప్‌సెట్ నిర్ణయించదు, బోర్డు చేసిన కంపెనీ నిర్ణయిస్తుంది. చవక చిప్‌సెట్ కొనేవాడు చవక ప్రాసెసరే పెడతాడులే అనుకుని కంపెనీలు హెచ్610 బోర్డుల్లో ఇక్కడే పొదుపు చేస్తాయి.

దీనివల్ల ఏమవుతుందో ఖమ్మంలో ఒకాయన దగ్గర చూశాను. పెళ్లి వీడియోలు ఎడిట్ చేసుకునే మనిషి. ఎవరో ఐ7-13700ని అడుగు రకం హెచ్610 బోర్డులో బిగించి ఇచ్చారు. వీఆర్‌ఎం మీద ఒక్క రేకు ముక్క కూడా లేదు. రెండు గంటల వీడియో రెండర్ పెడితే మొదటి పది నిమిషాలు పరుగే పరుగు, తర్వాత నత్తనడక. ఆయన ప్రాసెసర్ పోయిందనుకుని కొత్త కూలర్ కూడా కొనేశాడు. మే నెల, మధ్యాహ్నం. క్యాబినెట్ పక్క డోర్ తీసి రెండర్ పెట్టి చూశాం. నాలుగున్నర గిగాహెర్ట్జ్ దగ్గర నడుస్తున్నది ఉన్నట్టుండి రెండుకి పడిపోతోంది, కాసేపటికి లేస్తోంది, మళ్లీ పడుతోంది. ప్రాసెసర్ ఉష్ణోగ్రత చూస్తే 70 కూడా లేదు. ఆ కాయిల్స్ దగ్గర ఐఆర్ థర్మామీటర్ పెడితే 110 దాటింది. ఆయన వేలు పెట్టబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాను.

కారణం లెక్కలోనే ఉంది. 13700 పేరుకి 65 వాట్ల ప్రాసెసర్. కానీ ఇంటెల్ ఇచ్చిన గరిష్ఠ టర్బో పవర్ 219 వాట్లు. ఆ బోర్డు అంత ఇవ్వలేక, తను కాలిపోకుండా ఉండటానికి ప్రాసెసర్ గొంతు నొక్కుతోంది. అప్పటికప్పుడు బయాస్‌లో పవర్ లిమిట్ 95 వాట్లకి దించి, ఆ కాయిల్స్ మీదికి గాలి తగిలేలా ఒక ఫ్యాన్ కట్టాం. రెండర్ నిలకడగా నడిచింది, మొత్తం మీద ముందుకన్నా తొందరగానే అయింది. సీజన్ అయ్యాక హీట్‌సింక్‌లున్న బీ760 బోర్డుకి మారాడు. కొత్త బోర్డుకి బయాస్ కూడా అప్‌డేట్ చేశాను. 13, 14 తరాల్లో వోల్టేజ్ ఎక్కువైపోయి ప్రాసెసర్లు క్రమంగా దెబ్బతినే సమస్య వచ్చింది కదా, దానికి ఇంటెల్ 2024 ఆగస్టు నుంచి మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి సాఫ్ట్‌వేర్) సవరణలు ఇస్తూ వచ్చింది. అవి బయాస్ ద్వారానే వస్తాయి. నీ 12వ తరానికి ఆ సమస్య లేదు.

నీ 12400ఎఫ్ సంగతి వేరు. ఆరు కోర్లు, గరిష్ఠంగా 117 వాట్లు. గేమ్ ఆడుతున్నప్పుడు అందులో సగం కూడా లాగదు చాలాసార్లు. మామూలు హెచ్610 బోర్డు దీన్ని హాయిగా మోస్తుంది. అయినా వీఆర్‌ఎం మీద చిన్న హీట్‌సింక్ ఉన్నదీ లేనిదీ అని రెండు రకాలు కనబడితే, నాలుగొందలు ఎక్కువైనా ఉన్నదే తీసుకో. మన ఎండల్లో, ఏసీ లేని హాస్టల్ గదిలో అది ఊరికే పోదు.

ఇప్పుడు నువ్వు పెట్టిన బీ760 ఫోటో దగ్గరికొద్దాం. పెద్దది చేసి చూశాను. ర్యామ్ స్లాట్లు రెండే. ఎం.2 రెండున్నాయి, మంచిదే. వీఆర్‌ఎం మీద హీట్‌సింక్ లేదు. పైన మూలలో ప్రాసెసర్ పవర్‌కి కనెక్టర్ చూడు, తక్కువ పవర్ మోసే నాలుగు పిన్నులది. అంటే హెచ్610 ఒళ్లే, మీద బీ760 అని స్టిక్కర్. దీనికి 3,800 ఎక్కువ ఇస్తే నీకు దక్కేది ఎస్‌ఎస్‌డీకి 4.0 వేగం, ఒకట్రెండు యూఎస్‌బీ పోర్టులు. నువ్వు ఏ కారణంతో బీ760 వైపు చూస్తున్నావో, అంటే రేపు ర్యామ్ పెంచుకోవడం, ఎల్లుండి ఐ7 వేసుకోవడం, ఆ రెండూ ఈ బోర్డులో లేవు. చిప్‌సెట్ నాలుగు స్లాట్లకి అనుమతి ఇచ్చింది, కంపెనీ రెండే పెట్టింది. దీన్ని మోసం అనను కానీ, పేరు చూసి కొనేవాళ్ల కోసం చేసిన సరుకిది.

మరి బీ760 ఎప్పుడు కొనాలి? నాలుగు స్లాట్లు, వీఆర్‌ఎం మీద రెండువైపులా హీట్‌సింక్, ఎనిమిది పిన్నుల పవర్ కనెక్టర్ ఉన్నది దొరికి, అది హెచ్610 కన్నా నాలుగైదు వేలే ఎక్కువై, మూడేళ్ల తర్వాత సెకండ్‌హ్యాండ్‌లో 12700 లాంటిది వేసుకునే ఉద్దేశం నీకు నిజంగా ఉంటే కొను. ఈ ఎల్‌జీఏ1700 సాకెట్ 14వ తరంతో ఆగిపోయింది. 2024 అక్టోబర్‌లో వచ్చిన కోర్ అల్ట్రా 200 ప్రాసెసర్లకి సాకెట్టే వేరు. కాబట్టి ఈ బోర్డులో రేపు వేసుకోబోయేవి కూడా పాత ప్రాసెసర్లే. నిజం చెప్పాలంటే, అప్‌గ్రేడ్ చేస్తానని బీ సిరీస్ బోర్డు కొన్న పదిమందిలో నిజంగా ప్రాసెసర్ మార్చినవాళ్లు నాకు తెలిసి ఇద్దరుంటారేమో. మిగతావాళ్లు ఉద్యోగం వచ్చాక లాప్‌టాప్ కొనుక్కున్నారు. బీ760 దొరక్క బీ660 చూపిస్తే వద్దనకు. ముఖ్యమైన తేడా చిప్‌సెట్ లేన్లలో కొన్ని 3.0వి 4.0 అవడమే.

అక్షరం చూసి కూడా మోసపోకు. హెచ్ అంటే చవక, బీ అంటే మధ్యరకం అని చాలామంది చెబుతారు. హెచ్670 మరి బీ660 కన్నా పైది. ఇంటెల్‌లో వెనక రెండంకెలు చూడాలి: 10 అడుగున, 60 మధ్యలో, 70 దానిపైన, 90 అన్నిటికన్నా పైన. ప్రాసెసర్ ఓవర్‌క్లాక్ కావాలంటే 90 ఉన్న జెడ్ సిరీసే కావాలి, బీ760లో కూడా అది లేదు. నీ ప్రాసెసర్ ఎలాగూ లాక్డే.

నిజంగా అప్‌గ్రేడ్ మీదే మనసుంటే ఏఎండీ ఏఎం5 చూడాలి. ఆ సాకెట్‌ని 2027 దాకా, ఆ తర్వాత కూడా కొనసాగిస్తామని కంపెనీ చెప్పింది. ఏఎం4 విషయంలో మాట నిలబెట్టుకుంది కూడా. 2017 నాటి బీ350 బోర్డులు కొన్నిటికి 2022లో బయాస్ వచ్చి రైజెన్ 5000 వేసుకోగలిగారు. అక్కడ ఇదే తగువు ఏ620కీ బీ650కీ నడుస్తుంది. ఏ620లో ప్రాసెసర్ ఓవర్‌క్లాక్ లేదు, పీసీఐఈ 5.0 లేదు, కానీ ఎక్స్‌పో (ఏఎండీ వైపు ఎక్స్‌ఎంపీ లాంటిది) ర్యామ్ నడుస్తుంది. 65 వాట్ల రైజెన్ 5 7600కి అది చాలు. కానీ అప్‌గ్రేడ్ కోసమే ఏఎం5కి వెళ్లేవాడు బోర్డు దగ్గర పిసినారితనం చేస్తే ఉపయోగం లేదు, అక్కడ నా ఓటు బీ650కి, లేదా బీ850కి. మధ్యలో బీ840 అని ఒకటొచ్చింది, జాగ్రత్త. పేరులో బీ ఉన్నా ప్రాసెసర్ ఓవర్‌క్లాక్ లేదు, చిప్‌సెట్ లేన్లు 3.0వే. గుణం ఏ620 వరసది. అయితే ఏఎం5కి డీడీఆర్5 ర్యామే వేయాలి, నీ బడ్జెట్‌లో అది కుదరకపోవచ్చు.

కొనేరోజు రెండు మూడు పనులు చేయి. బోర్డు పెట్టె మీద డీ4 అనో డీడీఆర్4 అనో ఉందో లేదో చూడు. హెచ్610, బీ760 రెండూ డీడీఆర్4తోనూ, డీడీఆర్5తోనూ వేర్వేరు మోడళ్లుగా వస్తాయి. ఒకదాని ర్యామ్ ఇంకోదాంట్లో దిగదు, గాడే వేరేచోట ఉంటుంది. ప్రాసెసర్ బిగించే ముందు సాకెట్ మూత తీయించి, లోపలి పిన్నులు స్పష్టంగా కనబడేలా ఫోన్‌తో ఒక ఫోటో తీసుకో. ఈ సాకెట్‌లో పిన్నులు బోర్డుకే ఉంటాయి. ఒక్కటి వంగినా వారంటీ లేదంటారు, ఎవరు వంచారో తేలదు. ఒకసారి ఒక బోర్డుకి ఇలాగే జరిగి, నా చేతి డబ్బులు పోయాయి. అప్పటినుంచి ఫోటో లేకుండా పెట్టె ముట్టుకోను. బిల్లు మీద బోర్డు సీరియల్ నంబర్ రాయించు.

ఇంకోటి. పేరు చివర ఎఫ్ ఉన్న ప్రాసెసర్‌లో డిస్‌ప్లే ఇచ్చే గ్రాఫిక్స్ భాగం ఉండదు, బోర్డు వెనక హెచ్‌డీఎంఐ పోర్టు అలంకారమే. కార్డు వారంటీకి పంపాల్సొస్తే ఆ పదిహేను రోజులూ పీసీ ఖాళీగా పడుంటుంది, సరిగ్గా ప్రాజెక్ట్ సబ్‌మిషన్ ముందు. మామూలు 12400 కొద్ది తేడాలో దొరికితే అదే తీసుకో. అందులోని క్విక్‌సింక్ (వీడియోని త్వరగా ఎన్‌కోడ్ చేసే భాగం) ఎడిటింగ్‌కి కూడా పనికొస్తుంది, నువ్వు వాడే సాఫ్ట్‌వేర్ దాన్ని వాడుకోగలిగితే.

కొటేషన్ మొత్తం పెట్టావు కానీ ఎస్‌ఎంపీఎస్ దగ్గర "500 వాట్స్" అని మాత్రమే ఉంది. కంపెనీ, మోడల్ ఏదో అడిగి ఇక్కడ రాయి. అది చూడకుండా అడ్వాన్స్ ఇవ్వకు.